సీజన్ జ్ఞాపకాలు ఆ రోజే రాసుకోవాలా, ఏళ్ళు గడిచాక గుర్తున్నవే రాయాలా?

కొబ్బరాకు:
మా ఇంట్లో ఎప్పటికీ తేలని గొడవ ఇది, అందుకే ఇక్కడ అడుగుతున్నా. 1996 తుఫాను కోనసీమ వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. నవంబరు 6 రాత్రి మా మీద పడింది, కొబ్బరి తోటలు నేలమట్టమైపోయాయి. ఆ ఏడు దీపావళి 10న. అంటే ముందు తుఫాను, నాలుగు రోజులకి పండగ. కానీ మా బాబాయ్ మతాబులు కాల్చుకుని పడుకున్నాకే గాలి మొదలైందని ఒట్టేసి చెప్తాడు. మా అత్తేమో కార్తీక స్నానాలు అప్పటికే మొదలయ్యాయి అంటుంది. అమ్మ మాత్రం "ఆ ఏడు దీపావళి రాలేదు" అనేసి ఊరుకుంటుంది. ముగ్గురూ అప్పటికే పెద్దవాళ్ళు, ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు. అంత పెద్ద రాత్రే ఇలా గుర్తుంటే ఇక వడియాలు పెట్టిన రోజులు, ముంజలు తిన్న రోజులు, మొదటి వానకి వీధరుగు మీద కూర్చున్న సాయంత్రాలు ఏం మిగులుతాయి? అందుకే నేననేది ఏ రోజుది ఆ రోజే రాసేసుకోవాలి, రెండు లైన్లైనా సరే. ఇరవై ఏళ్ళ తర్వాత రాసేది చెప్పగా చెప్పగా తయారైన కథే తప్ప జరిగింది కాదు. మీరేమంటారు?

చిన్నరసం:
నేను ఒప్పుకోనండీ. ఆ రోజే రాసేవాళ్ళు ఏం రాస్తారో చూశారా? మా నాన్నగారికి డైరీ అలవాటు, ఆవకాయ పెట్టిన రోజు ఆయన రాసుకున్నదల్లా కాయలెన్ని, ఆవపిండి ఎంత, నూనె ఎంతకి తెచ్చారు, అంతే. అమ్మ చేతులు కారానికి రాత్రంతా మండేవని అందులో లేదు. తడి చేత్తో ఎవరైనా జాడీ దగ్గరికొస్తే ఆవిడ వేసే కేక లేదు. కలిపిన బేసిన్లో అంటుకున్న పిండిలోకే వేడన్నం వేసి పిల్లలందరికీ ముద్దలు పెట్టేది, అదీ లేదు. ఇవన్నీ నాకు ఇప్పుడు గుర్తొస్తున్నాయి, ఎందుకంటే ఇప్పుడు ఆ బేసిన్ ముందు కూర్చునేది నేను, మండేది నా చేతులు. అప్పుడే రాసుంటే ముద్ద భలే ఉందని రాసేదాన్ని, అమ్మ ఆ రాత్రి ఎలా పడుకుందో నాకు తట్టేదే కాదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' పెద్ద వయసులోనే రాశారు కదా, దాన్ని తయారైన కథ అనగలమా? కొన్ని సంగతులకి మన వయసు కూడా రావాలండీ.

పదును:
అనంతపురం నుంచి. నేను కొబ్బరాకు అన్న పక్కే. మా నాయన డైరీ గియరీ ఏం రాయడు, గోడకుండే క్యాలెండర్ గడుల్లో పాల లెక్క పక్కనే వాన పడిన దినం "పదును" అనో "జల్లు" అనో రాస్తాండె, ఇత్తనం ఎప్పుడేసినాడో కూడా రాస్తాండె. మా ఊర్లో ఇప్పుడు ఎవర్నడిగినా మా కాలంలో మృగశిర కార్తెకే కచ్చితంగా వాన, శెనక్కాయ ఇత్తనం అప్పుడే పడిపోతాండె అంటారు, మా నాయన కూడా అదే అంటాడు. కానీ ఆయప్ప చేత్తో రాసిన క్యాలెండర్లే తీసి చూస్తే చానా ఏండ్లు ఆరుద్రలో, ఒక్కోసారి పునర్వసులో ఇత్తనం పడినట్టుంది, అంటే జూన్ చివర, జూలై. చూపిస్తే నమ్మలేదు, రాత తనదే అయినా. మంచి ఏడు ఒకటి గుర్తుంటాది, దాన్నే అన్ని ఏండ్లకీ పూసేస్తాం. చిన్నరసం అక్కా, ముద్ద రుచికి నీ మాట చెల్లుతుందేమో గానీ వానకి చెల్లదు. బాధేందంటే చానా క్యాలెండర్లు మా ఇస్కూలు పుస్తకాలకి అట్టలేసేదానికే అయిపోయినాయి.

గునుగుపువ్వు:
మీరందరు మంచియే రాసుడు గురించి మాట్లాడుతున్నరు. మా బాపు పోయిన ఏడు నేను రోజూ రాసిన, దవాఖాన్ల ఏమైంది, ఏం తిన్నడు, డాక్టర్ ఏమన్నడు, అన్నీ. పెత్రమాస దగ్గర పోయిండు, బయట ఎంగిలిపూల బతుకమ్మకి తంగేడు, గునుగు తెస్తున్నరు పిల్లలు. ఆ నోట్‌బుక్ ఇంకా బీరువాలనే ఉంది, తెరవబుద్ధి కాదు. మనసు మెల్లగ కొన్ని మరిపిస్తది కదా, అది మనకు చేసే మేలు, ఆ పుస్తకమేమో మరువనియ్యదు. బాపు అంటే నాకు మిరుగం నాడు చేపలు తెచ్చి వాకిట్ల నిలబడి పిలిచే మనిషి యాదికి రావాలె గని ఆఖరి నెల కాదు. కొబ్బరాకు అన్నా, ఏ రోజుది ఆ రోజు రాయాలె అన్నరు, మరి ఇసొంటి రోజులు గూడ రాయాలెనా? ఇంకొకటి, బతుకమ్మ ఆడేటప్పుడు ఫోన్ పట్టుకొని తీసుడు, ఇంటికొచ్చి రాసుడు, ఇట్ల చేసేటోళ్ళకు పాట నోటికి రాదు. నేను చూస్తున్న గద, మా పిల్లల దగ్గర వీడియోలు మస్తున్నయి, చివరిదాక ఒక్క పాట రాదు.

కొబ్బరాకు:
గునుగుపువ్వు గారూ, మీ నోట్‌బుక్ గురించి నేనేం అనలేనండీ, అది తెరవాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ పారెయ్యకండి. మీ పిల్లలకి ఎప్పుడైనా కావాలనిపించొచ్చు.

మిగతా దానికి మాత్రం నా మాట మార్చుకోను. ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర చరిత్ర చూడండి. 1830 మేలో చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు, దార్లో ఎక్కడికక్కడ రాసి స్నేహితుడికి పంపుతూ వచ్చారు కాబట్టే ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, దారి ఎలా ఉంది, అన్నీ మనకి దక్కాయి. ఇల్లు చేరాక తీరిగ్గా గుర్తు తెచ్చుకుని రాసుంటే కాశీ, గయ గురించి బ్రహ్మాండంగా రాసేవారేమో, మధ్యలో పల్లెటూళ్ళ నీళ్ళ సంగతి మాత్రం ఉండేది కాదు. నాకు ఆ నీళ్ళ సంగతే కావాలి. పెద్దవి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు.

చిన్నరసం:
ఆయనకి చదివే మనిషి ఒకరున్నారు కదండీ, అందుకే అంత వివరంగా రాశారు. మా నాన్నగారు తనకోసమే రాసుకున్నారు కాబట్టి కాయల లెక్కతో ఆగారు. అప్పుడు రాశారా తర్వాత రాశారా అన్నదాని కంటే నాకు ఇదే పెద్ద తేడాగా కనిపిస్తోంది. ఎవరికో చెప్తున్నట్టు రాస్తే ఆ రోజు రాసినా బాగుంటుంది, తర్వాత రాసినా బాగుంటుంది.

తుఫాను విషయంలో మాత్రం మీ అమ్మగారి మాట తప్పని నేననను. క్యాలెండర్లో 10వ తారీఖు దీపావళి ఉంది సరే, ఆ నాలుగు రోజుల్లో మీ ఊరికి కరెంటు వచ్చిందా, ప్రమిదల్లో పోసుకోడానికి ఇంట్లో నూనె ఉందా, ఎవరైనా గుమ్మంలో దీపం పెట్టారా? పెట్టకపోతే రాలేదనే కదా అంటారు. ఆ రాత్రే ఎవరైనా డైరీ రాసుంటే అందులో ఈ మాట ఉండేది కాదు, అప్పటికి పండగ ఇంకా రాలేదు కాబట్టి.

పదును:
అక్కా ఇది బాగా చెప్పినావు. కానీ ఆయమ్మ మాట నిజమా కాదా అని మనం ఇప్పుడు తేల్చుకోగలిగింది తేదీ ఒకటి ఉండబట్టే కదా. రెండూ ఉండాల.

కొబ్బరాకు:
సరే, ఈసారి ఊరెళ్ళినప్పుడు ముగ్గురితోనూ విడివిడిగా రాయిస్తా, ఒకరిది ఒకరికి చూపించకుండా, పైన రాసిన రోజు తారీఖు వేయించి. అమ్మ రాయదు, నేనే అడిగి రాసుకోవాలి.

చిన్నరసం:
రాయించండి. బాబాయ్ గారి దగ్గర తేదీ మాట ఎత్తకండి, ఆయన మళ్ళీ ఒట్టు దగ్గరికే వెళ్తారు. ఆ రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు, పొద్దున్నే ఏం వండుకున్నారు, పడ్డ చెట్లు ఎవరు కోసి తీశారు, ఇవి అడగండి.