ఆలిస్ స్ప్రింగ్స్ అవతల ఎడారి ఊరు, బోరు నీళ్లలో యురేనియం: తాగునీళ్లకి ఏం చేయాలి?

ఎడారి_నర్సు:
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో ఒక ఆదివాసీ ఊరి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఊరంతటికీ బోరే దిక్కు, రిపోర్టులో యురేనియం, నైట్రేట్ రెండూ హద్దు దాటాయి. మరిగిస్తే పోతాయా అని పసిపిల్లల తల్లులు అడుగుతున్నారు. ట్యాంకర్లా, వాన నీళ్లా, ఆర్‌ఓనా? ఇది వాళ్ల నేల, వదిలి వెళ్లమనే హక్కు ఎవరికీ లేదు, కాబట్టి ఇక్కడే పనికొచ్చే దారి చెప్పండి.

నీటి_ఇంజనీర్:
పోవు సిస్టర్. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ, నీళ్లు ఆవిరైన కొద్దీ ఆ రెండూ ఇంకా ఎక్కువవుతాయి. నైట్రేట్ లీటరుకి 50 మి.గ్రా. దాటితే మూడు నెలల లోపు పిల్లల పాలల్లో ఆ నీళ్లు కలపకూడదు, వాళ్లకి ముందు బాటిల్ నీళ్లు ఇప్పించండి. మీ టెరిటరీలోనే ఉన్న లారంబా అనే ఆదివాసీ ఊరి సంగతి చూడండి: అక్కడ లీటరుకి యురేనియం 0.046 మి.గ్రా. ఉండేది, ఆస్ట్రేలియా హద్దు అప్పట్లో 0.017. జనం ట్రిబ్యునల్‌కి వెళ్లారు, 2020లో ఓడిపోయారు, అయినా అడగడం మానలేదు, 2023లో నీళ్లలోంచి యురేనియాన్ని పట్టేసే అయాన్ ఎక్స్ఛేంజ్ ప్లాంట్ వచ్చింది.

చినుకు:
వాన నీళ్లని తీసిపారేయకండి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాదికి సుమారు 280 మి.మీ. పడుతుంది, అంటే వంద చదరపు మీటర్ల కప్పు మీద 28,000 లీటర్లు. పదిమంది ఉన్న ఇంట్లో తాగడానికి, వంటకి మనిషికి ఐదు లీటర్లనుకుంటే ఏడాదికి 18,000 పైనే కావాలి. లెక్క సరిపోయినట్టే ఉంటుంది గానీ అక్కడ వాన ఒకేసారి కుమ్మేసి నెలల తరబడి ముఖం చాటేస్తుంది, కరువు ఏడాది సగం కూడా రాదు. కాబట్టి తోడుగా పెట్టుకోండి, దాన్నే నమ్ముకోవద్దు. కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్ట పోవాలంటే మొదటి వాన నీళ్లు వదిలేయాలి.

నల్గొండ_బిడ్డ:
ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్ల మధ్య పెరిగాను, అందుకే గట్టిగా చెప్తున్నా. మిషన్ పెట్టడం పెద్ద పని కాదు, అది ఆగిన రోజు ఎవరొస్తారన్నదే అసలు ప్రశ్న. మా ఊళ్లో ఫిల్టర్లు పెట్టి ఫోటోలు దిగి వెళ్లారు, పాడైతే బాగుచేసే దిక్కులేక మూలపడ్డాయి, కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే మాకు ఊపిరాడింది. మీకు ఆ నదీ లేదు. ఊరి కుర్రాళ్లకే జీతమిచ్చి పని నేర్పమనండి, విడిభాగాలు ఊళ్లోనే ఉంచమనండి. ఆర్‌ఓ అంటే మాత్రం, అది వదిలే ఉప్పునీళ్లు ఎక్కడ పోస్తారో సంతకానికి ముందే అడగండి. మిషన్ ఎక్కడ పెట్టాలో, ఎలా ఉండాలో ఊరి పెద్దలే తేల్చాలి.

ఎడారి_నర్సు:
చాలా థాంక్స్ అండి. బాటిల్ నీళ్ల సంగతి ఇవాళే మాట్లాడతాను. కుర్రాళ్ల జీతం మాట పెద్దల మీటింగ్‌లో పెడతాను, ఇక్కడ పని కోసం చూస్తున్నవాళ్లు ఉన్నారు.