అమ్మకి రొమ్ములో గడ్డ, నొప్పి లేదు. సూది పరీక్ష చేయించాలా?

ఖమ్మం అమ్మాయి:
మా అమ్మకి 54. ఎడమ రొమ్ములో, చంక వైపు, ఉసిరికాయంత గడ్డ చేతికి తగులుతోంది. ఎప్పటి నుంచి ఉందో, పండక్కి వెళ్తే ఇప్పుడు చెప్పింది. "నొప్పే లేనప్పుడు డాక్టరెందుకే" అంటోంది. ఇక్కడి సర్జన్ గారు చేత్తో చూసి "తీసేసి పరీక్షకి పంపుదాం" అన్నారు. సూది గుచ్చితే ఒళ్ళంతా పాకుతుందని పెద్దమ్మ భయపెడుతోంది. మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. ఒకటే టెన్షన్.

గుంటూరు టీచరమ్మ:
అమ్మాయీ, నొప్పి లేదని ఊరుకోవద్దు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పెట్టదు. నాదీ అంతే, సబ్బు రాసుకుంటుంటే వేళ్ళకి తగిలింది, నొక్కినా అటూ ఇటూ కదల్లేదు. అలాగని ఇప్పుడే ఏడుపులొద్దు, గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. కానీ ఈ వయసులో కొత్తగా వచ్చినదాన్ని తడిమి చూసి ఎవరూ తేల్చలేరు. ఇంట్లో ఎవరికీ లేదన్న ధీమా కూడా వద్దు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ముందు కత్తి వద్దు, ముందు సూది. మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఆ వెంటనే కోర్ బయాప్సీ, అంటే సూదితో గడ్డలోంచి చిన్న ముక్కలు తీసే పరీక్ష. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, టక్కుమని స్టాప్లర్ కొట్టిన చప్పుడొస్తుంది, అంతే. సన్నటి ముక్కలు చిన్న సీసాలో వేస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను. దానివల్ల జబ్బు పాకదు.

ఎందుకింత పట్టు అంటే, ఆ ముక్కల్లో ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగేదా అని చెప్పేవి), హెర్2 (గడ్డని త్వరగా పెంచే ఒక ప్రోటీన్) ఉన్నాయేమో చూస్తారు. వైద్యం వరసంతా దాన్ని బట్టే. నాకు హెర్2 పాజిటివ్ వచ్చింది, చంకలో గ్రంథికి కూడా పాకింది. అందుకని ముందు కీమో ఇచ్చారు. గడ్డ బాగా తగ్గాక అంతవరకే తీసి, రేడియేషన్ ఇచ్చారు, రొమ్ము మిగిలింది. హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందు మూడు వారాలకోసారి, మొత్తం ఏడాది. గుండెకి ఇబ్బందేమో అని మధ్యమధ్యలో 2డీ ఎకో, అంటే గుండె స్కాన్. మొదటే గడ్డ కోసేసి ఉంటే, మందు పనిచేస్తోందో లేదో చూసే వీలే ఉండేది కాదు.

సీతాఫలం:
మా ఊళ్ళో ఆకు పసరు కట్టు కడితే గడ్డ కరిగిపోయింది. ముందు అది చూడండి.

గుంటూరు టీచరమ్మ:
కరిగింది నీటితిత్తి అయ్యుంటుంది నాయనా, వాటంతటవే తగ్గేవీ ఉంటాయి. ఈ అమ్మాయికి ఆ సలహా ఇవ్వకు.

ల్యాబ్ తమ్ముడు:
అక్కా, నేను పాథాలజీ ల్యాబ్‌లో చేస్తాను. మామూలు బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే, ఈఆర్, పీఆర్, హెర్2 కోసం ఐహెచ్‌సీ అని వేరే పరీక్ష. చాలాచోట్ల బిల్లు కూడా వేరే. హెర్2 "2 ప్లస్" వస్తే తేలనట్టు, ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి. వేరే ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకండి. స్లైడ్లు, ముక్కని భద్రపరిచిన మైనం బ్లాకు అడిగి తీసుకోండి, మళ్ళీ సూది గుచ్చే పని తప్పవచ్చు.

వరంగల్ కోడలు:
డబ్బు సంగతి కూడా ముందే చూసుకోండి. మా అత్తయ్యకి హైదరాబాద్ ఎంఎన్‌జేలో చేయించాం, అది ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రే. జనం బాగా ఉంటారు, తెల్లారేసరికే లైన్లో ఉండాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. ప్రైవేటులో అయితే సొంత డబ్బు కట్టడం మొదలుపెట్టక ముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రని కలవండి.

ఖమ్మం అమ్మాయి:
టీచరమ్మ గారూ, అమ్మకి మీ మాటలు చదివి వినిపించాను. సూదికి ఒప్పుకుంది. సోమవారం హైదరాబాద్ వెళ్తున్నాం.

గుంటూరు టీచరమ్మ:
మంచిది తల్లీ. ఆ రోజు చంకల్లో పౌడరు, సెంటు రాయనివ్వకు, మామోగ్రామ్‌లో మచ్చల్లా కనిపిస్తాయి. ముందు హుక్కుల జాకెట్టే వేయించు. రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతుంటే బయాప్సీకి ముందే డాక్టరుకి చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి.