టెనర్ (మగవారి ఎత్తు స్థాయి) గొంతు: ‘ఆ’ అచ్చు మీద జి స్వరం దగ్గర పగిలిపోతోంది

టెనర్ గాయకుడు జిల్బెర్ డ్యుప్రే 1837లో పారిస్ ఒపేరాలో ‘గియోమ్ టెల్’ అనే సంగీత నాటకంలో ఆర్నాల్డ్ పాత్రలో పై సి స్వరాన్ని నిండు ఛాతీ గొంతుతో (మాట్లాడే గొంతులాంటి బరువైన గొంతుతో) పట్టాడు. 1829లో ఆ పాత్ర తొలిసారి పాడిన గాయకుడు నూర్రీది తేలిక తలస్వరం (తలలో మోగినట్టుండే సన్నని గొంతు). నేను డ్యుప్రే దారిలో సాధన చేస్తున్నాను: 6 వారాలుగా, రోజుకు 20 నిమిషాలు.

మధ్య సి పైన ఎఫ్ షార్ప్ దాకా ‘ఆ’ బాగానే ఉంటుంది. జి రాగానే దవడ బిగుసుకుని, గొంతు చటుక్కున దొంగగొంతులోకి (ఫాల్సెట్టో, బలంలేని సన్నని గొంతు) జారిపోతుంది. వింతేమిటంటే ‘ఊ’ మీద బి ఫ్లాట్ వరకూ ఇబ్బందే లేదు. పెదాల ట్రిల్ (పెదాలను బుర్రుమని ఆడిస్తూ పాడడం), నీళ్లలో 2 సెంటీమీటర్లు ముంచిన స్ట్రాతో ఊదడం, మెల్లగా పాడడం అన్నీ చేశాను, చేస్తున్నంతసేపే తేలిక. ఈఎన్‌టీ పరీక్షలో స్వరతంత్రులు బాగానే ఉన్నాయి.

‘ఆ’ని ‘ఓ’ వైపు తిప్పడం డి నుంచే మొదలుపెట్టాలా, ఎఫ్ షార్ప్ దాకా ఆగాలా?