ఫ్రేమ్ సింక్ బాక్స్‌లో టైమ్‌కోడ్: లోపలికి వెళ్తోంది, బయటికి 00:00:00:00

నడిరాత్రి_ఎడిటర్
అందరికీ నమస్తే. ఫ్రేమ్ సింక్రనైజర్ (బయటి వీడియోని మన రాక్ టైమింగ్‌కి సరిపెట్టేది), కన్వర్టర్ కలిసి ఉన్న బాక్స్ ఒకటి రాక్‌లో పెట్టాం. ఇన్‌పుట్ 1080ఐ 59.94 (సెకనుకి 59.94 సగం బొమ్మలు, అంటే 29.97 ఫ్రేములు). ఎస్‌డీఐ వీడియో కేబుల్‌లోనే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కి గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్ నంబర్) వస్తోంది, మానిటర్ మీద చక్కగా పరిగెడుతోంది. బాక్స్ దాటి రికార్డర్‌కి చేరేసరికి అన్నీ సున్నాలు. మెనూలో సోర్స్ దగ్గర ఎల్‌టీసీ, వీఐటీసీ (టైమ్‌కోడ్‌లో రెండు రకాలు), ఆటో ఉన్నాయి. ఇన్సర్ట్ దగ్గర మళ్ళీ అవే పేర్లు. అడగాల్సినవి మూడు: సోర్స్ ఏది పెట్టాలి? ఇన్‌పుట్ పోతే టైమ్‌కోడ్ ఆగిపోయేలా పెట్టాలా, నడిచేలా పెట్టాలా? డ్రాప్ ఫ్రేమ్ ఆన్ చెయ్యాలా?

బీఎన్‌సీ_బాబాయ్
డ్రాప్ ఫ్రేమ్ జోలికి పోకు. ఫ్రేములు ఎగిరిపోతే క్లయింట్‌కి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే. నా రాక్‌లో అన్నీ నాన్‌డ్రాపే.

ఫ్రేమ్‌లెక్క
బాబాయ్ గారూ, ఇంకా ఈ మాటేనా! డ్రాప్ ఫ్రేమ్‌లో బొమ్మ ఒక్కటి కూడా పోదు. ఎగిరేవి నంబర్లు మాత్రమే. 00:00:59;29 తర్వాత నేరుగా 00:01:00;02 వస్తుంది. అంటే ప్రతి నిమిషం మొదట్లో 00, 01 అనే నంబర్లు ఉండవు. పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం... వాటికి మాత్రం మినహాయింపు. గంటలో 54 నిమిషాలకు రెండేసి చొప్పున 108 నంబర్లు. నంబర్లు సెకనుకి 30 లెక్కన నడుస్తాయి, అసలు రేటు 29.97 కాబట్టి ఆ మాత్రం సర్దకపోతే గంటకి 3.6 సెకన్లు గోడ గడియారం కంటే వెనకబడతాం.

బీఎన్‌సీ_బాబాయ్
నేనన్నదీ అదే. నంబర్లు ఎగిరితే ఈడీఎల్ (ఏ షాట్ ఎక్కణ్ణించి ఎక్కడిదాకా అన్న ఎడిట్ జాబితా) చెడుతుంది. లెక్క చెప్పడం వేరు, రాత్రి రెండింటికి కన్‌ఫార్మ్‌లో (ఆ జాబితా ప్రకారం అసలు ఫుటేజ్ పేర్చేటప్పుడు) షాట్లు జరిగిపోతే సర్దడం వేరు.

ఫ్రేమ్‌లెక్క
పైన "ఫ్రేములు ఎగిరిపోతే" అని రాసింది ఎవరండీ? ఈడీఎల్ చెడేది డ్రాప్ వల్ల కాదు. ఒకచోట డ్రాప్, ఇంకోచోట నాన్‌డ్రాప్ పెడితే చెడుతుంది. ఫైలు పైభాగంలో ఎఫ్‌సీఎం లైను చూస్తే ఏది వాడారో తెలిసిపోతుంది. అది చూడకుండా కన్‌ఫార్మ్ మొదలెడితే తప్పు టైమ్‌కోడ్‌దా?

రాక్_వెనకాల
అడిగినవాడి ప్రశ్న ఎవరైనా చూశారా? తమ్ముడూ, చాలా సింక్ బాక్సులు బ్లాంకింగ్‌ని (బొమ్మ బయట ఉండే లైన్లని) కొత్తగా తయారు చేసి పంపుతాయి. ఇన్‌పుట్‌లో ఉన్న ఏటీసీ ప్యాకెట్లు (ఎస్‌డీఐలో టైమ్‌కోడ్‌ని మోసే డేటా ముక్కలు) అక్కడే పోతాయి. బాక్స్ వాటిని చదివి మళ్ళీ ఇన్సర్ట్ చెయ్యాలి. సోర్స్, ఇన్సర్ట్ రెండు వేరు మెనూలుగా ఉన్నది అందుకే. ఏటీసీలో మూడు రకాలు: ఎల్‌టీసీ, వీఐటీసీ1, వీఐటీసీ2. 1080ఐలో మామూలుగా ఎల్‌టీసీ 10వ లైన్లో, వీఐటీసీ1 9వ లైన్లో, వీఐటీసీ2 571లో ఉంటాయి. నీ బాక్స్ వీఐటీసీ మాత్రమే ఇన్సర్ట్ చేస్తూ, రికార్డర్ ఎల్‌టీసీ మాత్రమే చదువుతుంటే సున్నాలే కనిపిస్తాయి. ఇన్సర్ట్‌లో రెండూ ఆన్ చేసి చూడు. సోర్స్ ఆటో మాత్రం వద్దు. రెండూ వచ్చే చోట అది ఎప్పుడు ఏది పట్టుకుంటుందో దానికే తెలియాలి.

25_బ్యాచ్
హాయిగా 25లో పని చేసేవాళ్ళకి ఈ తద్దినం లేదు. సెకనుకి 25 ఫ్రేములు, 25 నంబర్లు, అయిపోయింది. డ్రాప్ స్విచ్ ఉన్నా మాకు అలంకారమే 😄

సౌండ్_పెట్టె
టైమ్‌కోడ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. వేరే కేబుల్‌లో వచ్చే ఎల్‌టీసీ అంటే ఆడియో సిగ్నలే. లెవెల్ పెంచితే "బాగా చదువుతుంది" అని ఎవరు నేర్పారో గానీ, పక్క ట్రాక్‌లో డైలాగ్ కింద ఆ కీచు అంతా వినబడుతుంది. ఒక షూట్ మొత్తం ఆ గోల శుభ్రం చెయ్యడానికి నన్ను కూర్చోబెట్టారు. లెవెల్ తగ్గించండి, మైక్ కేబుల్‌కి దూరంగా లాగండి.

పాత_వీటీఆర్
టేపు రోజుల్లో పాజ్ చేస్తే ఎల్‌టీసీ చచ్చేది, వీఐటీసీ చదివేది. స్పీడుగా తిప్పితే ఎల్‌టీసీ చదివేది, వీఐటీసీ చేతులెత్తేసేది. అందుకే రెండూ పెట్టుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి ఆ రెండు పేర్లూ మెనూలో ఎందుకున్నాయో తెలీదు.

12ఎం_పండితుడు
ఈ థ్రెడ్‌లో ఎస్ఎంపీటీఈ 12ఎం (టైమ్‌కోడ్ ప్రమాణం) పూర్తిగా చదివింది నేనొక్కడినే అనుకుంటా. డ్రాప్ ఫ్రేమ్ వల్ల టైమ్ పక్కాగా సరిపోతుందని పైన ఒకరు గుండె మీద చెయ్యి వేసి చెప్పారు. సరిపోదు. అసలు రేటు 30000/1001. గంటకి నిజంగా పెరిగే తేడా 107.892 ఫ్రేములు, మనం తీసేసేది 108. రోజు గడిచేసరికి సుమారు 86 మిల్లీసెకన్లు ముందుకి పోతుంది. నాన్‌డ్రాప్ అయితే 86 సెకన్లు వెనక్కి. 24 గంటల ప్లేఅవుట్‌లో రోజుకోసారి జామ్ చేసేది (అసలు గడియారంతో మళ్ళీ కలిపేది) అందుకే.

ఫ్రేమ్‌లెక్క
"పక్కాగా" అన్న మాట నా పోస్టులో ఎక్కడుందో చూపించండి పండితుడు గారూ. మీ లెక్క కరెక్టే, నా నోట్లో పెట్టిన మాట మాత్రం కాదు.

12ఎం_పండితుడు
భావం అదే కదా.

రాక్_వెనకాల
మీరిద్దరూ మెసేజ్‌లలో కొట్టుకోండి బాబూ. ఇంకో ముక్క: ఎల్‌టీసీ వేరే కేబుల్‌లో ఇచ్చేవాళ్ళు ఆఫ్‌సెట్ చూసుకోవాలి. బాక్స్‌లో బొమ్మ ఒక ఫ్రేమ్ ఆగి వస్తుంది, కేబుల్‌లో వచ్చే ఎల్‌టీసీ ఆగదు. క్లాప్ కొట్టిన ఫ్రేమ్ మీద ఇన్‌పుట్ వైపు ఒక బర్నిన్ (బొమ్మ మీదే కనిపించే టైమ్‌కోడ్ అంకెలు), అవుట్‌పుట్ వైపు ఒకటి వేసి నిలబెట్టి చూస్తే ఎంత జరిగిందో కళ్ళెదుటే ఉంటుంది. అంత మైనస్ పెట్టండి.

నడిరాత్రి_ఎడిటర్
ఇన్సర్ట్‌లో ఎల్‌టీసీ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయగానే రికార్డర్‌లో వచ్చేసింది. థాంక్స్ అన్నా. డ్రాప్ సంగతి చానెల్ వాళ్ళు ఇచ్చిన డెలివరీ షీట్‌లోనే ఉంది, డ్రాప్ అన్నారు, అలాగే పెడుతున్నా. రెండో ప్రశ్న మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

బీఎన్‌సీ_బాబాయ్
డెలివరీ షీట్ ముందే చూసుంటే ఇంత రామాయణం ఎందుకు? పెట్టు, తర్వాత నాకు ఫోన్ చెయ్యకు.

రాక్_వెనకాల
ఇన్‌పుట్ పోయినప్పుడా? రికార్డింగ్ అయితే నడవనివ్వు. మధ్యలో ఖాళీ వస్తే కొన్ని రికార్డర్లు క్లిప్ తెంచేస్తాయి. ఫీడ్ ఎప్పుడు పోయిందో తర్వాత వెతకాల్సిన లాగింగ్ లైన్ అయితే ఆపేసెయ్. టైమ్‌కోడ్ ఆగినచోటే తెగిందని తెలుస్తుంది.

25_బ్యాచ్
సందు దొరికింది కాబట్టి నాదొకటి. 1080పీ 50లో ఒక్కో నంబర్ రెండేసి ఫ్రేములకి వస్తోంది, 24 దాటట్లేదు. బాక్స్ పాడైందా?

పాత_వీటీఆర్
ఇందాక హాయిగా ఉందన్నావు?

రాక్_వెనకాల
పాడవలేదు, లెక్క 25కే ఉంటుంది, జతలో ఏది మొదటిదో ఫీల్డ్ మార్క్ బిట్ చెబుతుంది. మిగతాది వేరే చర్చ తెరిచి అడుగు, ఇక్కడ మళ్ళీ పండితుడు గారొస్తారు.