అమ్మ చెరిపేసిన రాతను ఫ్రీజర్‌లో పెట్టి వెనక్కి రప్పించడం తప్పా?

పాతఅలమర:
అమ్మ పోయి ఏడు నెలలైంది. పోయిన వారం ఆవిడ అలమర సర్దుతుంటే బట్టల మడతల కింద ఒక స్పైరల్ నోటుబుక్కు దొరికింది. దానికే తగిలించి ఒక పెన్ను. వెనక చివర రబ్బరు గుండు ఉంటుంది చూడండి, దాంతో రుద్దితే రాత చెరిగిపోతుంది, ఆ రకం. పుస్తకం నిండా అమ్మ రాతే. తీరిగ్గా చదువుకుందామని ఇంటికి తెచ్చుకుంటుంటే దారిలో కారులో ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సాయంత్రం తీసి చూస్తే పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. నా గుండె ఆగినంత పనైంది.

ఈ సిరా వేడికి మాయమవుతుందని, ఫ్రీజర్‌లో పెడితే తిరిగొస్తుందని తర్వాత తెలిసింది. సంతోషంగా అక్కకు ఫోన్ చేస్తే "వద్దు, అలాగే ఉండనీ" అంది. ఎండకు పోయిన రాతతో పాటు అమ్మ తన చేత్తో రుద్ది చెరిపేసినవి కూడా పైకొస్తాయట. ఆవిడ వద్దనుకున్నవి మనం చూడకూడదట. పెట్టాలా, వద్దా? మీరే చెప్పండి.

సిరాబుడ్డి:
ముందు ఒక సవరణ. ఆ సిరా "చెరిగిపోలేదు". కాగితం మీదే ఉంది, రంగు మాత్రం పోయింది. ఆ సిరాలో కంటికి కనపడనంత చిన్న గుళికలు ఉంటాయి. ఒక్కో గుళికలో మూడు పదార్థాలు: రంగు, ఆ రంగును పైకి తెచ్చేది ఒకటి, ఏ వేడి దగ్గర ఆ రెండూ విడిపోవాలో నిర్ణయించేది మరొకటి. సుమారు 60 డిగ్రీలు దాటితే జంట విడిపోయి సిరా పారదర్శకమవుతుంది. రబ్బరు గుండుతో రుద్దినప్పుడు జరిగేదీ అదే, రాపిడికి వేడి పుడుతుంది. అందుకే మామూలు రబ్బరుతో చెరిపినట్టు పొట్టు రాలదు. తిరిగి రంగు రావాలంటే మాత్రం సుమారు మైనస్ 10 డిగ్రీల కన్నా కిందికి వెళ్లాలి, పూర్తిగా రావడానికి మైనస్ 20 దాకా. ఇంత తేడా కావాలనే పెట్టారు, లేకపోతే గది కాస్త చల్లబడగానే చెరిపినవన్నీ లేచి కూర్చునేవి.

మీ అమ్మగారి పెన్ను ఏ కంపెనీదో నాకు తెలియదు. ఈ రకాన్ని పైలట్ కంపెనీ 2006లో యూరప్‌లో మొదట అమ్మింది, తర్వాత చాలామంది చేశారు. ఒక్కోదానికి డిగ్రీలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

గోడగడియారం:
పెట్టేయండి. ఆలోచించడానికి ఏముంది?

తాళంచెవి:
చాలా ఉంది. మీ అక్కగారు చెప్పిందే సరైనది. చెరిపేసిందంటే ఎవరూ చదవొద్దనే. మనిషి లేరు కాబట్టి అడిగేవాళ్లు లేరని అనుకోవడం ఏం న్యాయం?

మూడోమనిషి:
నేను ఒప్పుకోను. ఎవరూ చదవొద్దనుకుంటే పేజీ చింపేసేవారు. స్పైరల్ పుస్తకంలోంచి కాగితం లాగడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆవిడ ఆ పని చేయలేదు. పైగా పుస్తకాన్ని భద్రంగా మడతల కింద దాచుకున్నారు. అలా దాచిన వస్తువు ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో దొరుకుతుందని ఏ తల్లికి తెలియదు?

చివరిబెంచీ:
నాకూ ఇలాగే జరిగింది. కొన్న వస్తువు రసీదు రెండేళ్లు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో దాచాను. రిపేరుకు తీసుకెళ్తే తెల్ల కాగితం ఇచ్చారేంటి అని నవ్వారు. గ్యారంటీ లేదు పొమ్మన్నారు. ఫ్రీజర్‌లో పెట్టి చూశాను, ఏమీ రాలేదు. ఇదంతా వట్టి మాట.

సిరాబుడ్డి:
చివరిబెంచీ గారూ, అది వేరు, ఇది వేరు. రసీదులో సిరానే ఉండదు. కాగితానికే పూత ఉంటుంది, మిషన్ వేడి తగిలిన చోట నల్లబడుతుంది. అంటే మీ కాగితానికి వేడి తగిలితే రాత వస్తుంది, వాళ్ల కాగితానికి వేడి తగిలితే రాత పోతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టడమే మీరు చేసిన పొరపాటు. కొన్ని కవర్లను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం ఆ పూతను పాడుచేస్తుంది.

చివరిబెంచీ:
జాగ్రత్తగా దాచడం కూడా పొరపాటే అన్నమాట. బాగుంది.

తాళంచెవి:
మూడోమనిషి గారూ, చింపలేదు కాబట్టి చదవొచ్చు అంటున్నారు. రుద్దితే పోయిందనే ఆవిడ అనుకున్నారు. ఫ్రీజర్ సంగతి ఆవిడకు తెలిసి ఉంటుందా? మనకే మొన్న తెలిసింది. ఆవిడ దృష్టిలో రుద్దడం, చింపడం ఒకటే. తెలియకపోవడాన్ని అనుమతి కింద రాసుకుంటారా?

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు డైరీ రాసేదాన్ని. మా అన్నయ్య అది తీసి, ఇంటికొచ్చిన బంధువులందరి ముందూ గొంతు మార్చి చదివాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను కాగితం మీద సరుకుల జాబితా తప్ప ఇంకేమీ రాయలేదు. వాడు ఇప్పటికీ "సరదాకి చేశానే" అంటాడు.

మూడోమనిషి:
మీ అన్నయ్య చేసింది తప్పే. కానీ మీరు బతికున్నారు, మీ ముందే చదివాడు, నలుగురినీ నవ్వించడానికి చదివాడు. ఇక్కడ కూతురు ఒంటరిగా కూర్చుని తల్లి రాత చూసుకుంటానంటోంది. రెండింటికీ పోలికేంటండీ?

గోడగడియారం:
మామూలు ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా?

సిరాబుడ్డి:
సరిపోదు. ఫ్రిజ్ కింది అరలో 4 డిగ్రీలు ఉంటుంది. ఏడాది పెట్టినా ఏమీ రాదు. ఫ్రీజర్‌లో మైనస్ 18 దాకా వెళ్తుంది, అది చాలు. రంగు మునుపటంత ముదురుగా రాకపోవచ్చు. పుస్తకాన్ని గాలి తీసేసిన కవర్లో పెట్టి మూయాలి. బయటికి తీశాక వెంటనే కవరు విప్పకూడదు, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. లేకపోతే చల్లటి కాగితం మీద చెమ్మ పట్టి పేజీలు అంటుకుంటాయి.

ఇంకొకటి. చెరిపిన చోట మళ్లీ రాసి ఉంటే పాతదీ కొత్తదీ రెండూ ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఏదీ చదవలేకపోవచ్చు. ఈ గొడవంతా ఆ అలుకుడు కోసమేనేమో, చూసుకోండి.

తాళంచెవి:
సిరాబుడ్డి గారూ, ఎలా పెట్టాలో కాదు, పెట్టాలా వద్దా అన్నది ప్రశ్న.

సిరాబుడ్డి:
ప్రశ్న తెలుసు. తప్పుగా పెట్టి ఉన్న పుస్తకం కూడా పాడుచేస్తే మీ ధర్మసందేహానికి పని ఉండదని చెప్తున్నాను.

మూడోమనిషి:
తాళంచెవి గారూ, ఆ పుస్తకంలో చెరపనివి కూడా ఉన్నాయి. పేజీలకు పేజీలు. అవి పోయింది ఎండ వల్ల. నాలుగు వాక్యాలు దాచడానికి మొత్తం పుస్తకాన్నే పాతిపెట్టమంటారా?

మా నాన్న పోయినప్పుడు మాకు మిగిలింది ఒక చేతి గడియారం, కళ్లద్దాలు. ఆ అద్దాలకు ఒక పక్క ముక్కుపట్టీ అరిగి ఉంటుంది, అటువైపు తల వాల్చి చదివేవాడని అప్పుడు తెలిసింది. రాత అంటే ఫారాల మీద సంతకం ఒక్కటే. ఆయన ఏం అనుకునేవాడో, మా గురించి ఏం అనుకున్నాడో ఒక్క ముక్క లేదు. చెరిపిందో, కొట్టేసిందో, ఒక్క వాక్యం దొరికితే నేను నెల రోజులైనా ఫ్రీజర్ పక్కన కూర్చుంటాను. మీకున్నదాన్ని వద్దనుకోవడం ఎంత సుఖమో మీకు తెలియదు.

తాళంచెవి:
మీ నాన్నగారి మీద బెంగను ఈవిడ అమ్మగారి మీద తీర్చుకుంటున్నారు.

మూడోమనిషి:
మీరు మీ అన్నయ్య మీద కోపాన్ని ఇక్కడ తీర్చుకోవట్లేదా?

గోడగడియారం:
అబ్బో.

నిర్వాహకులు:
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లొద్దు.

తాళంచెవి:
తగ్గుతాను. కానీ పాతఅలమర గారిని ఒకటి అడగాలి. మొదటి పోస్టులో "కారులో ఉండిపోయింది" అన్నారు. ఉండిపోయిందా, మీరు వదిలేశారా?

చివరిబెంచీ:
ఆ తేడా ఇప్పుడెందుకండీ?

తాళంచెవి:
ఇంకో సంగతి కూడా. బాల్‌పెన్నుతో రాస్తే కాగితం మీద గాడి పడుతుంది. దీపాన్ని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ఆ గాడి కనిపిస్తుంది. ఫ్రీజర్ అక్కర్లేకుండానే కొంత చదవొచ్చు. నాకు ఎలా తెలుసని అడక్కండి, మా అన్నయ్య విద్యే అది. పాతఅలమర గారూ, మీరు చూశారు కదూ?

సిరాబుడ్డి:
ఈ మాట నిజమే. గట్టిగా ఒత్తి రాసేవాళ్ల గాడి బాగా తెలుస్తుంది. రుద్దిన చోట కాగితం కొంచెం నిగనిగలాడుతుంది కూడా.

పాతఅలమర:
రెండు రోజులుగా మీరు రాసేవన్నీ చదువుతున్నాను. జవాబివ్వడానికి ధైర్యం చాల్లేదు.

వదిలేశాను. ఉండిపోలేదు. పుస్తకం ముందు సీట్లో పడేసి పనికి వెళ్లాను, నాలుగు గంటలు దాని ఊసే మర్చిపోయాను. అక్క దగ్గర ఉండాల్సిన పుస్తకం అది. "నేను చదివి ఇస్తా" అని నేనే పట్టుబట్టి తెచ్చుకున్నాను. ఫోన్లో అక్క "వద్దు" అనే ముందు అన్న మాట ఇంకొకటి ఉంది, ఇక్కడ రాయలేదు. "అమ్మ ఉన్నప్పుడూ నీకు తీరిక లేదు, పోయాక పుస్తకం చూసుకోవడానికీ తీరిక లేదు" అంది.

టార్చి వేసి చూశాను. అవును. ఒక పేజీ మధ్యలో నిగనిగలాడే వరుస ఉంది. దాని మొదట్లో నా పేరులో మొదటి అక్షరం కనిపించింది. మిగతాది తెలియలేదు. అప్పుడే టార్చి ఆపేశాను.

అమ్మా నేనూ మూడేళ్లు సరిగ్గా మాట్లాడుకోలేదు. కారణం ఇప్పుడు చెప్పినా నవ్వులాటగా ఉంటుంది. చివర్లో మాట్లాడుకున్నాం, కానీ మందుల గురించి, పరీక్షల గురించి. నా గురించి రాసి ఎందుకు చెరిపిందో నాకు కావాలి. తిట్టి, తర్వాత పోనీలే అని చెరిపిందా? లేక మంచి మాటే రాసి, ఇది దానికి ఎందుకులే అని చెరిపిందా? అక్కకు ఈ పుస్తకం సంగతి ముందే తెలుసని నా అనుమానం. అమ్మ దగ్గర ఉన్నది అదే కాబట్టి. వద్దంటోందంటే అది చదివే ఉంటుంది అనిపిస్తోంది. సిరా గురించి అడిగాను గానీ, నా బాధ ఇది.

మూడోమనిషి:
అయ్యో అమ్మా. ఇప్పటిదాకా పెట్టమని గోల చేసింది నేనే. ఇప్పుడు నోరు రావట్లేదు. అది తిట్టే అయితే తట్టుకోగలరా?

తాళంచెవి:
నేను అడిగిన తీరు బాగాలేదు. మన్నించండి.

నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఇంకా గట్టిపడింది. తిట్టయినా, దీవెనైనా మీకు చేరకూడదని ఆవిడ చేత్తో రుద్దారు. కానీ మీ అక్కగారు చదివి ఉంటారన్న అనుమానానికి ఫ్రీజర్ మందు కాదు. ఆవిడనే అడగండి.

చివరిబెంచీ:
నాకు అక్క లేదు. ఉంటే అడిగేవాణ్ని.

గోడగడియారం:
ఆ పేజీ ఒక్కటి పక్కన పెట్టి మిగతావి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు కదా, స్పైరలే కదా?

సిరాబుడ్డి:
పెట్టొచ్చు. కానీ రుద్దిన వరుసలు ఇంకా ఎన్ని పేజీల్లో ఉన్నాయో చూసుకోవాలంటే టార్చి వేయాలి. చూడకూడనిది ఏదో తెలుసుకోవడానికి దాన్నే చూడాలి. ముందు ఏ చింతా లేని పేజీ ఒకటి పెట్టి చూడండి, మీ పెన్ను సిరా అసలు తిరిగొస్తుందో లేదో తేలుతుంది.

పాతఅలమర:
నిన్న రాత్రి మొదటి పేజీ ఒక్కటే విప్పి, కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాను. అక్కకు ముందే చెప్పాను. "నీ ఇష్టం" అంది, కాసేపు ఫోన్ పెట్టేయలేదు, మాట్లాడనూ లేదు. పుస్తకం చదివావా అని అడిగాను. "నీకు దొరికేదాకా అలాంటిది ఉందనే నాకు తెలియదు" అంది. నమ్మాననే అనుకుంటున్నాను.

పొద్దున తీశాను. రాత వచ్చింది, లేతగా. కరెంటు బిల్లు కట్టిన తేదీలు, ఎవరిదో ఫోన్ నంబరు, కింద మా ఇద్దరి చెప్పుల సైజులు. అక్కది 6. నాది 6 అని రాసి, చెరిపి, దాని మీదే 7 అని రాసింది. రెండు అంకెలూ ఒకేసారి తేలాయి, చూడ్డానికి వంకర 8లా ఉంది. ఫొటో అక్కకు పంపాను. "మనిద్దరికీ ఒకే సైజు కొనేది, నీకు ఎప్పుడూ బిగుతయ్యేవి, గుర్తుందా" అని జవాబిచ్చింది.

మిగతా పుస్తకం ముట్టుకోలేదు. ఆదివారం అక్క వస్తానంది.

మూడోమనిషి:
ఆదివారం ఏమైందో మాకు చెప్పక్కర్లేదు.

సిరాబుడ్డి:
బయటికి తీశాక కవరు వెంటనే విప్పలేదు కదా?

పాతఅలమర:
గంట ఆగానండీ.