డీడీఎక్స్5 యాంటీబాడీ: ఒక్క బ్యాండ్ రావాల్సిన చోట మూడు వస్తున్నాయి

నల్లగొండ_స్కాలర్:
అందరికీ నమస్తే. మాది నల్లగొండ. డీడీఎక్స్5 అనే ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్ (ఆర్‌ఎన్‌ఏ పేటలు విడదీసే ప్రోటీన్) మీద పీహెచ్‌డీ చేస్తున్నా. హేలా కణాల (ల్యాబ్‌లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) లైసేట్, అంటే కణాలను పగలగొట్టి తీసిన ద్రవం, హైదరాబాద్ ఫ్రెండ్స్ డ్రై ఐస్‌లో పెట్టి పంపుతారు, బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే పరీక్ష) మాత్రం ఇక్కడే చేస్తా. యాంటీబాడీ కుందేలు పాలీక్లోనల్, 1:1000, 5 శాతం పాలపొడిలో. 68 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒక్క బ్యాండే రావాలి కదా. దాని నెత్తినే అంటుకున్నట్టు ఇంకొకటి, 80 దాటాక సన్నగా మూడోది వస్తున్నాయి. మూడూ స్కేలు పెట్టి గీసినట్టు శుభ్రంగా ఉన్నాయి.

ఈ యాంటీబాడీ మే నెల ఎండల్లో వచ్చింది. కొరియర్ వాళ్లు చేతికిచ్చేసరికి ఐస్ ప్యాక్‌లు కరిగిపోయి అట్టపెట్టె అడుగు మెత్తబడింది. అందుకే పాడైందని, కొత్తది తెప్పించమని మా సార్ అంటున్నారు. ఫెలోషిప్ డబ్బులు ఇంకా పడలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగా పాడైనట్టేనా?

పాలమూరు_అక్క:
తమ్ముడూ, అప్పుడే కొనకు. ఎండకు దెబ్బతింటే సిగ్నల్ తగ్గుతుంది, లేదా మెంబ్రేన్ అంతా మరకలవుతుంది. ప్రతిసారీ అవే చోట్ల శుభ్రమైన గీతలు రావు.

నాకైతే అది డీడీఎక్స్17 అని గట్టి అనుమానం. ఈ రెండూ అన్నదమ్ముల్లాంటివి. ఏటీపీ ఖర్చుపెట్టి ఆర్‌ఎన్‌ఏ పేటలు విడదీసే మధ్యభాగం రెండింట్లో దాదాపు ఒకటే, తేడా అంతా కొసల్లో. పైగా డీడీఎక్స్17 రెండు సైజుల్లో తయారవుతుంది: పీ72, పీ82. పెద్దది, ప్రోటీన్ తయారీ మొదలయ్యే మామూలు ఏయూజీ కోడాన్ కంటే ముందున్న వేరే కోడాన్ దగ్గరే మొదలవుతుంది. 68, 72, 82. నీ మూడు గీతలతో పోల్చి చూసుకో.

అసలు డీడీఎక్స్5 బయటపడిందే ఇలా. ఎస్‌వీ40 వైరస్ ప్రోటీన్ లార్జ్ టీ యాంటిజెన్ కోసం చేసిన పీఏబీ204 అనే మోనోక్లోనల్ యాంటీబాడీ, కణాల సొంత 68 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటోందని 1980లో లేన్, హోఫ్లర్ రాశారు. ఆ ప్రోటీనే ఇది. ఆ పేపర్ చదివినప్పటి నుంచి అదనపు బ్యాండ్ కనిపిస్తే నేను చెత్త అని తీసిపారేయను.

డేటాషీట్‌లో ఇమ్యునోజెన్ (యాంటీబాడీ తయారీకి వాడిన ప్రోటీన్ ముక్క) ఏ భాగమో చూసి చెప్పు.

మిర్యాలగూడ_ల్యాబ్:
అక్క చెప్పింది కరెక్ట్. ముందు ఒక స్ట్రిప్‌కు సెకండరీ (మొదటి యాంటీబాడీని గుర్తుపట్టే రెండో యాంటీబాడీ) ఒక్కటే వేసి చూడండి, ఖర్చు లేని పని. 8 శాతం జెల్ పోసి, డై కింద నుంచి పోయాక కూడా కాసేపు నడపండి. 68, 72 బాగా విడిపోతాయి. మీ దగ్గరా కరెంటు పోతుంటే, ఒకే ట్యూబు మళ్లీ మళ్లీ కరిగి గడ్డకట్టకుండా యాంటీబాడీని చిన్న ట్యూబుల్లో పంచిపెట్టుకోండి.

నల్లగొండ_స్కాలర్:
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. సెకండరీ స్ట్రిప్ తెల్లగా వచ్చింది, గీతలేవీ లేవు. ఇమ్యునోజెన్ మధ్యభాగం ముక్కే అట!

పాలమూరు_అక్క:
అనుకున్నా. ఇక హైదరాబాద్ వాళ్లను మూడు లైసేట్‌లు అడుగు: కంట్రోల్ ఎస్ఐఆర్‌ఎన్‌ఏ (ఎంచుకున్న ప్రోటీన్ తయారీని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ; కంట్రోల్‌ది దేన్నీ తగ్గించదు) వేసింది, డీడీఎక్స్5 తగ్గించింది, డీడీఎక్స్17 తగ్గించింది. ఒకటి గుర్తుంచుకో, హేలాలో డీడీఎక్స్5 తగ్గిస్తే డీడీఎక్స్17 పెరుగుతుంది. మొత్తం సిగ్నల్ లెక్కేస్తే ఏమీ తగ్గనట్టే కనిపించొచ్చు, కంగారుపడకు. కింది గీత పలచబడి పైవి చిక్కబడ్డాయా, అది చూడు. ఆ బ్లాట్ తీసుకెళ్లి సార్ ముందు పెట్టు. డబ్బులు పడ్డాక డీడీఎక్స్5 సీ-కొస మీద చేసిన యాంటీబాడీ తీసుకో. ఇప్పుడున్నదాన్ని పారేయకు, రెండింటినీ ఒకే బ్లాట్‌లో చూడాల్సినప్పుడు అదే కావాలి.