పాతకాలపు పళ్ళపొడి మళ్ళీ మొదలుపెట్టొచ్చా, పేస్టే మేలా?

పందుంపుల్ల (విజయవాడ):
ఉప్పు, లవంగం, కచ్చిక (కాల్చిన పిడక) కలిపి ఇళ్ళల్లో నూరుకునే పళ్ళపొడి పేస్టుకి దీటా కాదా? దీటేనని నా వాదన. పేస్టులో ఉండేదేమిటి? చాలా పేస్టులకు మూలం సుద్దో సిలికానో. అది ఎండిపోకుండా గ్లిజరినో సార్బిటాలో, ముద్ద కట్టడానికి బంక, తీపికి శాకరిన్, నురగకి సబ్బు తోబుట్టువు ఒకటి. ఈ హంగులన్నీ తీసేస్తే మిగిలేది పళ్ళపొడే. పాచి వదిలేది రుద్దుడు వల్ల గానీ నురగ వల్ల కాదు. నోరంతా నురగ నిండేసరికి అయిపోయిందనుకుని అర నిమిషానికే ఉమ్మేస్తున్నారు జనం.

అరండల్‌పేట పంటివైద్యం (గుంటూరు):
నురగ మాట ఒప్పుకుంటాను. కానీ "పళ్ళపొడి" అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఏ పొడి అన్నదే అసలు సంగతి. గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద పంటి పైపొర ఎనామిల్ 5, సుద్ద 3, ఉప్పు రెండున్నర, ఇసుకలోని క్వార్ట్జ్ 7. కాబట్టి సుద్ద ఎనామిల్‌ని గీయలేదు, ఇటుకపొడి గీస్తుంది. రైసుమిల్లు ఊక బూడిదలో నూటికి 85 పాళ్ళ పైన సిలికాయే. కచ్చిక మెత్తగానే ఉంటుంది గానీ పిడక ఆరేసిన నేల మీది ఇసుక దాంతో పాటే వస్తుంది.

చిగురు కిందికి జారినవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ ఎనామిల్ ఉండదు, దానికన్నా మెత్తనైన లోపొర, డెంటిన్, బయటపడి ఉంటుంది. గరుకు పొడి వేసి అడ్డంగా రుద్దితే పంటి మొదట్లో గొడ్డలి వేటు లాంటి గాటు పడుతుంది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. పైగా వేలు పళ్ళ సందుల్లోకి వెళ్ళదు. పొడే వాడినా మెత్తని బ్రష్షుతో వాడండి.

వన్‌టౌన్ పచారీ (విజయవాడ):
వాదన తర్వాత, ముందు సరిగ్గా చేసుకునే పద్ధతి వినండి. సుమారు 100 గ్రాములకి: ప్రెసిపిటేటెడ్ చాక్ (శుద్ధి చేసిన మెత్తటి సుద్దపొడి) 88, తినేసోడా 6, మెత్తటి ఉప్పు 2, లవంగాల పొడి 3, పిప్పరమెంటు పువ్వు అర గ్రాము, పచ్చకర్పూరం పావు గ్రాము.

సుద్ద అంటే నల్లబల్ల మీద రాసే సుద్దముక్క కాదు, అది చాలావరకు జిప్సం. ముగ్గుపిండి అసలే వద్దు, అందులో ఏ రాయి నూరారో ఎవరికీ తెలీదు. తెల్లగా ఉంది కదా అని సున్నం వేస్తే నోరు కాలుతుంది.

ఉప్పుని ముందు మూకుట్లో వేయించి ఆరబెట్టాలి, లేకపోతే వానాకాలం రాగానే డబ్బాలో పొడి గడ్డకడుతుంది. పిప్పరమెంటు పువ్వు, కర్పూరం కలిపి నూరితే రెండూ కరిగి నీరైపోతాయి (అమృతధార చేసేవాళ్ళకి ఇది తెలిసిందే). పాడైందని పారబోయకండి. ఆ నీటిని రెండు చెంచాల సుద్దలో ఇంకించి, తర్వాత మిగతా సుద్దలో కొద్దికొద్దిగా కలపండి. చివర్న పల్చటి నూలుగుడ్డలో వస్త్రఘాళితం పట్టాలి. గుడ్డలో మిగిలిన లవంగం పిప్పి మళ్ళీ నూరండి, అలాగే కలిపేయొద్దు. తడివేలు డబ్బాలో పెట్టకుండా అరచేతిలోకి వంచుకోండి.

పందుంపుల్ల:
పటిక మరిచారు. చిగుళ్ళు బిగుస్తాయి కదా?

వన్‌టౌన్ పచారీ:
మరవలేదు, మానేశాను. పటిక నీళ్ళకి పులుపు గుణం. తడి తగలగానే సుద్దతో కలిసి బుసబుస పొంగుతుంది, రెండూ దండగ. సుద్ద లేకుండా రోజూ రుద్దితే ఆ పులుపు ఎనామిల్‌కే ఎసరు. వగరు కావాలంటే కరక్కాయో తుమ్మబెరడో వేసుకోండి, కాకపోతే రెండూ కాస్త రంగు పట్టిస్తాయి.

పల్నాటి బోరు:
అసలు పేచీ ఫ్లోరైడుతోనండి. మా వైపు చాలా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మొదటి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే. నీళ్ళలోనే విషం ఉన్నచోట పేస్టులో మళ్ళీ ఎందుకు? ఈ ఒక్క కారణం చాలు, పొడే నయం.

అరండల్‌పేట పంటివైద్యం:
మీ భయం పిల్లల విషయంలో నిజం, పెద్దల విషయంలో కాదు. పళ్ళ మీద మచ్చలు పడేది దవడలో పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, మింగిన ఫ్లోరైడు వల్ల. పెద్దవాళ్ళు తోమి ఉమ్మే ఫ్లోరైడు పంటి పైపొరకే పనిచేసి పుచ్చుని ఆపుతుంది.

లెక్క చూడండి. మన నిబంధనల ప్రకారం పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం దాటకూడదు, అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము. బఠాణీగింజంత పేస్టు పావు గ్రాము అనుకుంటే, మొత్తం మింగినా పావు మిల్లీగ్రాము. లీటరుకి 3 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు రెండు లీటర్లు తాగితే ఆరు. ముందు మార్చాల్సింది నీళ్ళు. అలాంటి ఊళ్ళో ఉమ్మడం రాని పసివాడికి ఫ్లోరైడు లేని పేస్టే ఇవ్వండి, అభ్యంతరం లేదు. కృష్ణ నీళ్ళు తాగే ఇళ్ళవాళ్ళు మాత్రం ఈ సాకు చెప్పొద్దు.

పొడిలో ఫ్లోరైడు కలుపుకుందామని మాత్రం చూడకండి. సోడియం ఫ్లోరైడు తూకం తప్పితే ప్రాణం మీదికొస్తుంది. పైగా సుద్దలోని కాల్షియంతో కలిసి నీళ్ళలో కరగని రూపంలోకి మారి పంటికి అందదు. సుద్ద పేస్టుల్లో మోనోఫ్లోరోఫాస్ఫేటు అనే ఇంకో రకం ఫ్లోరైడు వాడేది అందుకే, 0.76 శాతం వేస్తే 1000 పీపీఎం. పుప్పిపళ్ళున్నవాళ్ళు పొద్దున పొడి వాడుకున్నా, రాత్రి పేస్టుతో తోమి ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించకుండా పడుకోండి.

కొత్తపేట కబుర్లు (గుంటూరు):
ట్యూబు అడుగున నల్లచారుంటే అంతా రసాయనమే, పచ్చచారుంటే మూలికలు. అది చూసి కొనుక్కోండి.

వన్‌టౌన్ పచారీ:
ఆ చారకీ లోపలి సరుకుకీ సంబంధం లేదండీ. ట్యూబు ఎక్కడ కత్తిరించాలో మెషీను కంటికి తెలియడానికి వేసే గుర్తు అది. పాత అల్యూమినియం ట్యూబుల సంగతి వేరు, మడిస్తే మడిచినట్టే ఉండేవి. ఇప్పటి ప్లాస్టిక్ పొరల ట్యూబు నొక్కి వదిలితే మళ్ళీ ఉబ్బి గాలి పీల్చుకుంటుంది, చివరి పేస్టు కోసం కత్తెర పట్టుకోవాల్సిందే.

పల్నాటి బోరు:
నీళ్ళ లెక్క సరే, పిల్లల వరకు నా మాట నెగ్గినట్టే. మరి బజార్లో విడిగా అమ్మే పొడిలో ఇసుక ఉందో లేదో తెలిసేదెలా?

వన్‌టౌన్ పచారీ:
చెంచాడు పొడి గాజుగ్లాసులో వేసి వినెగర్ పోయండి. సుద్ద పొంగి కరిగిపోతుంది. పొంగు ఆగాక ఇంకొంచెం పోసి, పైది వంపేసి, అడుగున మిగిలిందాన్ని రెండు గాజుముక్కల మధ్య తడిగా ఇరవైసార్లు రుద్దండి. గీతలు పడితే ఆ పొట్లం గిన్నెలు తోముకోడానికి పెట్టుకోండి. నిమ్మరసంతో చేయొద్దు, కాల్షియం సిట్రేటు తెల్లగా అడుగున పేరుకుని ఇసుకేమోనని తికమక పెడుతుంది.

అరండల్‌పేట పంటివైద్యం:
గాజు గట్టిదనం ఐదున్నర. దాని మీద గీత పడలేదంటే ఎనామిల్‌కి దాదాపు ఫరవాలేదనే అర్థం, చిగురు జారిన డెంటిన్‌కి కాదు. అలాంటివాళ్ళు మీ పరీక్ష నెగ్గిన పొడికి కూడా దూరంగా ఉండాలి.